ఖాళీగా ఉంచవలసిన అయిదవ వంతు

వంటగ్యాసు సిలిండరు మన ఇళ్లలో ఎంతగా కలిసిపోయినదంటే, దానిని గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసిన అవసరం మనకు సాధారణంగా కలుగదు. గ్యాసు అయిపోగానే బుక్ చేస్తాము. నిండు బండ వస్తుంది, ఖాళీ బండ వెళుతుంది. వచ్చిన బండను ఎవరు నింపారు, ఎలా నింపారు, ఎంతవరకు నింపారు అన్న ప్రశ్నలు ఇల్లాలికి గాని, ఇంటి యజమానికి గాని తట్టవు. అవి తట్టనవసరం లేకుండా చూడటమే మన వంటి సంస్థల కర్తవ్యం. మూడు దశాబ్దాల ఉద్యోగ జీవితంలో అధిక భాగం బాట్లింగ్ ప్లాంటులలో గడిపిన మాకు, ఈ ప్రశ్నలను ఒక సామాన్య వినియోగదారుని స్థానంలో నిలబడి వేసుకోవలసిన సందర్భం 2024లో ఇంగ్లండులో ఎదురైనది. మన సోదర ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు ఉపయోగపడగలదన్న ఆశతో ఆ విశేషాలను ఇక్కడ మనవి చేస్తున్నాము.

ఇల్లు వంటి వాహనం

ఆ సంవత్సరం సెప్టెంబరులో ఆర్జిత సెలవు పెట్టి, శ్రీమతితో కలిసి, లీడ్స్ నగరంలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాము. మేము వెళ్లేసరికి వారి వాకిట్లో ఒక పొడుగాటి తెల్ల వ్యాను నిలబడి ఉన్నది. అల్లుడు గారు దానిని అంతకు రెండు వారాల ముందే, వాడిన వాహనంగా కొన్నారట. దానిని అక్కడ క్యాంపర్ వ్యాను అంటారు. వ్యానులోనే పడకలు, చిన్న వంటగది, రెండు బర్నర్ల పొయ్యి, గ్యాసుతో నడిచే గది హీటరు, నీళ్లు కాచుకునే పరికరం అన్నీ అమర్చి ఉంటాయి. హోటలు గదుల జోలికి పోకుండా, కుటుంబమంతా రోజుల తరబడి తిరిగి రావచ్చును. అక్టోబరులో మమ్మల్ని కూడా వెంటబెట్టుకుని స్కాట్లండు కొండ ప్రాంతాలకు వెళ్లాలని వారి సంకల్పం. అయిదుగురికి కూర్చుని ప్రయాణించే వీలున్నా పడకలు నలుగురికే కనుక, నాలుగేళ్ల మనుమరాలు అమ్మమ్మ పక్కలో పడుకునేటట్లు ముందే నిర్ణయమైపోయినది.

వ్యానును చూడగానే మా దృష్టి సహజంగా గ్యాసు సిలిండరు మీదికి పోయినది. వెనుకవైపు తలుపు పక్కన ఒక ప్రత్యేకమైన అర ఉన్నది. ఆ అరకు, వాహనం లోపలి భాగానికి మధ్య గాలి చొరని గోడ. అడుగున నేలవైపు తెరుచుకున్న రంధ్రం. ఎల్పీజీ ఆవిరి గాలి కంటె బరువైనది. ప్రొపేను గాలికి ఒకటిన్నర రెట్లు, బ్యూటేను సుమారు రెండు రెట్లు బరువు. ఎక్కడైనా కారితే అది పైకి పోదు; నేల మీదికి దిగి, పల్లాలలో నిలుస్తుంది. అందుచేత ఆ రంధ్రం అడుగునే ఉండాలి. ఆ ఏర్పాటు చూసి మేము సంతోషించాము. కాని అరలో ఉన్న సిలిండరును చూసిన తరువాత ఆ సంతోషం నిలువలేదు.

అది ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో ఒక కంపెనీ సరఫరా చేసే 6 కిలోల ప్రొపేను బాటిలు. దాని పక్కనే, గుడ్డలో చుట్టి, ఒక ఇత్తడి అడాప్టరు ఉన్నది. వ్యాను పాత యజమాని ఈ అడాప్టరును బాటిలు వాల్వుకు బిగించి, కార్లకు ఆటోగ్యాసు పోసే బంకుకు వెళ్లి, తానే నింపుకునేవాడట. వ్యాను అమ్మేటప్పుడు ఆ విద్యను కూడా అల్లుడు గారికి నేర్పి వెళ్లాడు.

"దీనితో చాలా డబ్బు మిగులుతుందట, మామయ్య గారూ! షాపులో బాటిలు మార్చుకుంటే కిలోకు మూడు రెట్లు ధర పడుతుంది" అన్నారు అల్లుడు గారు ఉత్సాహంగా.

ధర విషయంలో ఆయన చెప్పినది నిజమే. మేము తరువాత లెక్క కట్టి చూసినప్పుడు కూడా దాదాపు అంతే తేలినది. మామగారు అల్లుని ఇంటికి అతిథిగా వెళ్లి, మూడవ రోజునే ఆయన కొనుక్కున్న వస్తువులో తప్పులు ఎంచడం మర్యాద కాదని మనందరికీ తెలుసు. అయినప్పటికీ, ఆ వ్యానులో నిద్రపోబోయేది పసిపిల్ల. అందుచేత తప్పు ఎంచకుండా, బాత్రూములో ఉన్న బరువు తూచే యంత్రాన్ని ఒకసారి ఇమ్మని అడిగాము.

తూకం చెప్పిన మాట

బాటిలు మీద ఖాళీ బరువు ముద్రించి ఉన్నది: 8.9 కిలోలు. అందులో ఉండదగిన గ్యాసు 6 కిలోలు. అంటే నిండు బాటిలు 14.9 కిలోలకు మించరాదు. తూచి చూస్తే 15.7 కిలోలు వచ్చినది. రెండవసారి తూచినా అంతే. ఎనిమిది వందల గ్రాములు అదనం.

"కొంచెం ఎక్కువ పోయించుకున్నాడు, అంతేగా! మనకు లాభమేగా!" అన్నది మా అమ్మాయి.

ఆ ఎనిమిది వందల గ్రాముల అర్థాన్ని వారికి కాగితం మీద వేసి చూపించాము. ఇందులో గొప్ప శాస్త్రమేమీ లేదు. పాఠకులు కూడా సులభంగా గ్రహించగలరు. ఆ బాటిలు లోపలి పరిమాణం సుమారు 14.4 లీటర్లు. ద్రవ ప్రొపేను 15 డిగ్రీల వద్ద లీటరుకు 0.51 కిలో బరువుంటుంది. 6 కిలోలు పోస్తే 11.8 లీటర్లు, అంటే బాటిలులో 80 శాతానికి కొంచెం పైన నిండుతుంది. 6.8 కిలోలు పోస్తే 13.3 లీటర్లు, అంటే 92 శాతం దాటుతుంది.

నీరు వేడెక్కితే ఎంత వ్యాకోచిస్తుందో, ద్రవ ప్రొపేను అంతకు ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది. 15 డిగ్రీల వద్ద లీటరుకు 0.51 కిలో ఉన్న సాంద్రత, 40 డిగ్రీల వద్ద 0.47 కిలోకు దిగిపోతుంది. బరువు మారదు కనుక పరిమాణం పెరిగి తీరాలి. ఈ లెక్కన అధికంగా నింపిన ఆ బాటిలు, ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు చేరేసరికి అంచుదాకా ద్రవంతో నిండిపోతుంది. వేసవిలో తలుపులు మూసి ఎండలో నిలిపిన వ్యానులో 40 డిగ్రీలు రావడం ఇంగ్లండులో కూడా వింత కాదు.

పైన కొంత ఆవిరికి చోటు ఉన్నంతకాలం ఒక డిగ్రీ వేడి పెరిగితే పీడనం ఒక బారులో మూడవ వంతు పెరుగుతుంది. ఆ చోటు పోయి, లోపల ద్రవం మాత్రమే మిగిలిన మరుక్షణం పరిస్థితి తారుమారవుతుంది. ఒక్కొక్క డిగ్రీకి పీడనం కొన్ని బార్ల చొప్పున ఎగబాకుతుంది. అప్పుడు రక్షక వాల్వు తెరుచుకుని గ్యాసును బయటికి వదలాలి; అది వదలకపోతే ఉక్కే తెగాలి. వదిలినా, ఆ గ్యాసు వెళ్లేది పడకల పక్కనున్న అరలోనికి.

అల్లుడు గారు ఇంజనీరు కాకపోయినా, కంప్యూటరు రంగంలో ఉన్నవారు; లెక్కను గౌరవించే మనిషి. చాలాసేపు కాగితం వైపు చూసి, "మరి మన ఇంటి బండలు కూడా ఇలాగే నింపుతారు కదా, మామయ్య గారూ! అక్కడ ఎప్పుడూ ఈ మాట వినలేదే?" అని అడిగారు. ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నే.

ప్లాంటులో కాపలా, బంకులో కాపలా

మన 14.2 కిలోల సిలిండరు లోపలి పరిమాణం 33.3 లీటర్లు. అందులో పోసే గ్యాసు సుమారు 26 లీటర్లు. దాదాపు అయిదవ వంతు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీని కాపాడటానికి ప్లాంటులో మనం ఎంత శ్రమిస్తామో బాట్లింగ్ విభాగంలో పనిచేసిన మిత్రులకు విదితమే. ప్రతి సిలిండరు మీదా దాని ఖాళీ బరువు వ్రాసి ఉంటుంది. తిరిగే యంత్రం మీద తూకంతో నింపుతాము, కొలతతో కాదు. నింపిన తరువాత మరొక తూకం మీద సరిచూస్తాము. ఎక్కువైనా, తక్కువైనా వరుస నుండి తప్పిస్తాము. వాల్వును, లోపలి రబ్బరు వాషరును పరీక్షించి, కారుడు లేదని తేలిన తరువాతనే సీలు వేస్తాము. నిర్ణీత గడువు రాగానే సిలిండరును పీడన పరీక్షకు పంపుతాము. తక్కువ తూగితే వినియోగదారుడు ఫిర్యాదు చేస్తాడు; ఎక్కువ తూగితే ఫిర్యాదు చేసేవాడుండడు. అందుచేతనే ఎక్కువ తూకాన్ని పట్టుకోవలసిన బాధ్యత పూర్తిగా మన మీదనే ఉన్నది.

ఆటోగ్యాసు బంకులో ఇవేవీ ఉండవు. అక్కడ లీటర్లలో పోస్తారు; తూచేవారు లేరు. బాటిలు అంతకుముందే సగం నిండి ఉన్నదో, పూర్తిగా ఖాళీగా ఉన్నదో పంపుకు తెలియదు. కార్లలో అమర్చే ఎల్పీజీ ట్యాంకులో ఒక తేలే ఫ్లోటు ఉంటుంది. ద్రవం 80 శాతానికి చేరగానే ఆ ఫ్లోటు లేచి, లోపలికి వచ్చే దారిని దానంతట అదే మూసివేస్తుంది. బంకు పద్ధతి అంతా ఆ ఫ్లోటు మీద విశ్వాసంతోనే నడుస్తున్నది. ఫ్లోటు లేని బాటిలును అడాప్టరుతో ఆ పంపుకు తగిలించడమంటే, ఒక పద్ధతిలోని సిలిండరును మరొక పద్ధతిలోని పంపుకు కట్టి, రెండింటి కాపలాలనూ పోగొట్టుకోవడమే. ఇక మిగిలేది పోసేవాని అంచనా. అంచనా ఎంత బాగా కుదిరినదో ఆ 15.7 కిలోల తూకమే చెప్పినది. పైగా ఆ బాటిలు కంపెనీ సొత్తు. వాడుకునేవారికి దానిని నింపే హక్కు కూడా లేదు.

ఆ బాటిలు వాల్వు గట్టిగా మూసి, ఇంటి వెనుక నీడలో, మురుగు తూములకు దూరంగా, నిటారుగా నిలబెట్టించాము. అదనపు గ్యాసును గాలిలోనికి వదలనివ్వలేదు. ఊరిలోని గ్యాసు డీలరుకు విషయం ఫోనులో చెప్పగా, మరునాడు వారు వచ్చి తీసుకుని వెళ్లారు.

నాలుగు మార్గాలు

ఇక కొత్త ఏర్పాటు ఎంచుకోవాలి. ఈ పనిని అల్లుడు గారు పూర్తిగా మా మీదనే పెట్టారు. మేము మాత్రం ఇద్దరం కలిసి చూద్దామన్నాము. మా ముందున్న మార్గాలు నాలుగు.

మొదటిది, షాపులో బాటిలు మార్చుకునే పద్ధతి. ఇది మన దేశపు పద్ధతి వంటిదే. అక్కడ కాలర్ కంపెనీ ప్రొపేనును ఎర్ర బాటిళ్లలోను, బ్యూటేనును నీలి బాటిళ్లలోను అమ్ముతుంది. నింపే బాధ్యత కంపెనీది. ఖరీదు ఎక్కువ, బ్రిటన్ దాటితే ఆ బాటిలును మార్చి ఇచ్చేవారుండరు. క్యాంపింగాజ్ వారి చిన్న నీలి బాటిళ్లు యూరపులో చాలా దేశాలలో దొరుకుతాయి గాని, పెద్దది కూడా 2.75 కిలోలే. అందులోనిది బ్యూటేను. బ్యూటేను దాదాపు సున్నా డిగ్రీల వద్దనే ఆవిరి కావడం మానివేస్తుంది. ప్రొపేను సున్నాకు 42 డిగ్రీలు దిగువన కూడా ఆవిరి కాగలదు. అక్టోబరు రాత్రులలో స్కాట్లండు కొండల మధ్య హీటరు వెలగాలంటే ప్రొపేను తప్ప గత్యంతరం లేదు.

రెండవది, మళ్లీ మళ్లీ నింపుకోవడానికే తయారైన ఉక్కు బాటిలు. గ్యాస్‌లో వంటి కంపెనీలు వీటిని 6 కిలోలు, 11 కిలోల పరిమాణాలలో అమ్ముతున్నాయి. ఇందులో 80 శాతం వద్ద మూసివేసే ఫ్లోటు, పీడన రక్షక వాల్వు, మట్టం చూపే ముల్లు అన్నీ ఉంటాయి. బాటిలును అరలో కదలకుండా బిగించి, నింపే మూతిని వ్యాను బయటి గోడకు అమరుస్తారు. కారులో పెట్రోలు పోయించుకున్నట్లే, అర తెరవకుండా గ్యాసు నింపుకోవచ్చును.

మూడవది, ప్లాస్టికు, గాజునారలతో చేసిన తేలిక బాటిలు. దీనిలో కూడా ఫ్లోటు ఉంటుంది. ద్రవం ఎంతవరకు ఉన్నదో బయటికే కనిపిస్తుంది. మొత్తం బరువు 3,500 కిలోలు దాటకూడని వ్యానులో ఒక్కొక్క కిలో కలిసివస్తుంది. కాని చాలా బంకులవారు బిగించని విడి బాటిలును చూడగానే నింపనివ్వరు. నిజానికి వారి భయం న్యాయమైనదే. చేతిలో ఉన్నది ఫ్లోటు ఉన్న బాటిలో, అడాప్టరు తగిలించిన మామూలు బాటిలో దూరం నుండి వారికెలా తెలుస్తుంది? పాత యజమాని వంటి వారి వల్ల నిజాయితీగా కొనుక్కున్నవారికి కూడా దారి మూసుకుపోతున్నది.

నాలుగవది, వ్యాను అడుగున చాసిస్‌కు బిగించే పెద్ద ట్యాంకు. నెలల తరబడి వాహనంలోనే కాపురం ఉండేవారికి ఇది ఉత్తమం. సెలవులలో మాత్రమే తిరిగే కుటుంబానికి ఆ ఖర్చు, ఆ మార్పులు అనవసరం అనిపించినది.

ఎంత గ్యాసు కావాలి?

ఎంపికకు ముందు అవసరాన్ని లెక్కించడం ఇంజనీరు ధర్మం. లీటరు చన్నీళ్లు మరిగించడానికి, వృథా అయ్యే వేడితో కలిపి, సుమారు 20 గ్రాముల గ్యాసు పడుతుంది. కాఫీలు, అన్నం, పప్పు, ఒక కూర, మనుమరాలి పాలు, గిన్నెలు కడగడానికి వేడి నీళ్లు అన్నీ కలిపి రోజుకు 300 గ్రాములు అనుకున్నాము. వంటకు మాత్రమే అయితే 6 కిలోలు ఇరవై రోజులు వస్తుంది. హీటరు సంగతి వేరు. రెండు కిలోవాట్ల హీటరు ఆగకుండా వెలిగితే గంటకు సుమారు 160 గ్రాములు తింటుంది. రాత్రికి నాలుగు గంటలు వెలిగినా 640 గ్రాములు. అంటే రోజుకు దాదాపు ఒక కిలో. వంటింటి లెక్క చూసుకుని గ్యాసు కొనేవారు శీతల దేశంలో అయిదారు రోజులకే ఇబ్బంది పడటానికి కారణం ఇదే.

మరొక సంగతి కూడా పరిశీలించాము. ఆటోగ్యాసుతో నడిచే కార్లు తగ్గిపోవడంతో, బ్రిటన్‌లో దానిని అమ్మే బంకులు కూడా కొన్నేళ్లుగా బాగా తగ్గిపోయినవి. చవక గదా అని నింపుకునే బాటిళ్లే రెండు పెట్టుకుంటే, ఉత్తరాన కొండలలో గ్యాసు అయిపోయినప్పుడు బంకు కోసం ఎంత దూరం పోవాలో తెలియదు. యూరపు యాత్ర మాట వస్తే ఇంకొక చిక్కున్నది. నింపే గొట్టం మూతి దేశానికొక రకం. బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో ఒకటి, జర్మనీ, బెల్జియంలలో మరొకటి, ఫ్రాన్సు, ఇటలీలలో వేరొకటి, స్పెయినులో ఇంకొకటి. ఈ మూతులకు తగిన అడాప్టర్లు ఫ్లోటు ఉన్న బాటిలు కోసం తయారైనవే గనుక వాటిని వాడవచ్చును. అడాప్టరులో దోషం లేదు. దాని అవతల ఏమున్నదన్నదే ప్రశ్న.

అరలో రెండు 6 కిలోల బాటిళ్లకే చోటున్నది. అందుచేత ఒకటి నింపుకునే ఉక్కు బాటిలు, రెండవది మార్చుకునే ప్రొపేను బాటిలు అని నిర్ణయించాము. నిత్యం వాడుకునేది మొదటిది. అది అయిపోయి, బంకు దొరకనప్పుడు ఆదుకునేది రెండవది. సంవత్సరానికి ఇరవై కిలోలు వాడితే మొదటి బాటిలు అమరికకయ్యే ఖర్చు తిరిగి రావడానికి మా లెక్కలో నాలుగు సంవత్సరాలు పడుతుంది. అల్లుడు గారికి ఈ నాలుగు సంవత్సరాల మాట అంతగా రుచించలేదు.

"ఆ అడాప్టరుతో మొదటి రోజు నుంచే లాభం కదా అనిపిస్తుంది, మామయ్య గారూ" అన్నారు నవ్వుతూ.

"ఖర్చులో తేడా ఎక్కడ వచ్చిందో చూడండి, అల్లుడు గారూ! రెండింటిలోనూ గ్యాసు ఒకటే, పంపు ఒకటే. మీరు అదనంగా ఇస్తున్న సొమ్మంతా ఆ పైన ఉండే ఖాళీని కాపాడే ఫ్లోటుకే. ఖాళీని డబ్బు పెట్టి కొంటున్నారన్నమాట" అన్నాము.

ఆయన మరి మాట్లాడలేదు. ఆ సాయంత్రమే ఆర్డరు పెట్టారు. గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదై, ఎల్పీజీ వాహనాల పనికి అర్హత ఉన్న మెకానికు వచ్చి, బాటిలును, గోడకు అమర్చిన 30 మిల్లీబార్ల రెగ్యులేటరును, కొత్త గొట్టాలను బిగించి, పీడనం పెట్టి పరీక్షించి వెళ్లాడు. గ్యాసు కారితే పసిగట్టే అలారం నేలకు దగ్గరగాను, పొయ్యి సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడును పసిగట్టే అలారం పడకల దగ్గరను పెట్టించాము. చలి వేసినా సరే, పొయ్యి వెలిగించి గదిని వేడి చేసుకోరాదని మా శ్రీమతి అందరికంటె గట్టిగా ఆదేశించినది.

పంపు ఆగిపోయిన వేళ

బయలుదేరే ముందు రోజు గ్యాసు నింపుకోవడానికి అందరం బంకుకు వెళ్లాము. గొట్టం మూతిని గోడలోని మూతికి తగిలించి, మెలితిప్పి, పంపు మీద ఉన్న బటను నొక్కిపట్టి ఉంచాలి. బటను వదిలితే గ్యాసు ఆగిపోతుంది. నింపేవాడు అక్కడ నుండి కదలకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. అల్లుడు గారు బటను నొక్కారు. అంకెలు పరుగెత్తినవి. 11.4 లీటర్ల వద్ద పంపు శబ్దం మారి, అంకె నిలిచిపోయినది. మేము మనసులోనే భాగించి చూసుకున్నాము. 14.4 లీటర్ల ఖాళీ బాటిలులో 79 శాతం.

"తాతయ్యా, నిండకుండానే ఆగిపోయిందేం?" అని అడిగినది మనుమరాలు, మేము చెప్పిన అంకెలన్నీ విని.

మేము ఫ్లోటు సంగతి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూండగానే, వాళ్ల అమ్మమ్మ జవాబు చెప్పినది. "పాలు కాచేటప్పుడు గిన్నె నిండా పోస్తామా, తల్లీ? పొంగడానికి చోటుంచుతాం కదా! ఇదీ అంతే."

ముప్పై సంవత్సరాలుగా శిక్షణ తరగతులలో మేము బొమ్మలు గీసి చెబుతున్న విషయం, ఇంత తక్కువ మాటలలో ఎన్నడూ చెప్పలేకపోయాము. పాలగిన్నె పొంగితే స్టవ్వు మీద పోతుంది. సిలిండరుకు మూత బిగించి ఉన్నది. పొంగేందుకు దారి లేదు. తేడా అంతే.

యాత్ర సుఖంగా జరిగినది. గ్లెన్ కో లోయలో రెండు రాత్రులు, లాక్ నెస్ సరస్సు తీరాన రెండు రాత్రులు గడిపి, మొత్తం పది రోజులలో తిరిగి వచ్చాము. ఒక తెల్లవారుజామున కిటికీ అద్దాల మీద మంచు పేరుకున్నది గాని, లోపల హీటరు ఆగలేదు. రెండవ బాటిలును ఎనిమిదవ రోజున తెరవవలసి వచ్చినది. మా లెక్క కంటె రోజు వాడకం తక్కువే అయినది. మా శ్రీమతి వేడినీళ్ల విషయంలో చూపిన పొదుపు దానికి కారణం.

మన దేశానికి వర్తించే మాట

ఇంటికి తిరిగి వచ్చిన తరువాత ఈ విషయాన్ని మన పరిస్థితులకు అన్వయించి చూసుకున్నాము. మన దేశంలో బంకులో సిలిండరు నింపుకునే పద్ధతి లేదు. ఆటో ఎల్పీజీ వాహనపు ట్యాంకుకు మాత్రమే. వంట సిలిండరును అక్కడ నింపించుకోవడం, ఇంటి గ్యాసును కారుకు వాడటం రెండూ చట్టవిరుద్ధం. కాని పాత యజమాని ఇత్తడి అడాప్టరుకు అన్నదమ్ములు మన వీధులలో కూడా ఉన్నారు. పెద్ద బండ నుండి చిన్న బండలోనికి గొట్టంతో గ్యాసు దింపి, కిలో లెక్కన అమ్మే దుకాణాలు చూడనివారుండరు. అక్కడ తూకం ఉన్నా ఖాళీ బరువు నిజమో కాదో తెలియదు. ఫ్లోటు అసలే లేదు. వాల్వు పరీక్ష చేసేవాడు లేడు. చదువుకునే పిల్లలు, ఊరు వదిలి వచ్చిన కూలీలు ఆ చిన్న బండలను ఒకే గదిలో మంచం పక్కన పెట్టుకుని వండుకుంటున్నారు. వారికి చట్టబద్ధమైన దారి లేక కాదు. 5 కిలోల సిలిండరును గుర్తింపు పత్రం చూపి, చిరునామా రుజువు లేకుండానే కొనుక్కునే పథకం 2013 అక్టోబరులో ప్రారంభమైనది. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ దానికి 'ఛోటూ' అని ముద్దుపేరు కూడా పెట్టినది. 2021లో అదే సంస్థ తేలికపాటి కాంపోజిట్ సిలిండర్లను 5, 10 కిలోలలో విడుదల చేసినది. ఇవన్నీ మార్చుకునేవే, నింపే బాధ్యత ప్లాంటుదే. మన దేశంలో వాహనం మీద యాత్రకు వెళ్లి దారిలో వండుకోదలచినవారు, ఇటువంటి చిన్న సిలిండరును వాహనం బయట, గాలి ఆడే చోట, నిటారుగా నిలబెట్టి వాడుకోవడం మేలు. నడుస్తున్న వాహనంలో పొయ్యి వెలిగించడం ఎంతమాత్రం తగదు.

2023 ఆగస్టు 26వ తేదీన మదురై స్టేషను వద్ద నిలిపి ఉంచిన యాత్రికుల రైలు పెట్టెలో నిబంధనలకు విరుద్ధంగా తెచ్చిన గ్యాసు సిలిండరు కారణంగా మంటలు చెలరేగి, తొమ్మిదిమంది మరణించారు. లక్నో నుండి పుణ్యయాత్రకు బయలుదేరినవారు వారు. కాఫీ, టీ కోసం వెలిగించిన పొయ్యి అంత పని చేసినది. యాత్రకు సిలిండరు తీసుకుని వెళదామన్న ఆలోచన కలిగిన ప్రతిసారీ ఆ సంఘటనను గుర్తు చేసుకోవలసిన అవసరమున్నది.

ఇంటి వద్ద మనం చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నవి. సిలిండరు వచ్చినప్పుడు తూచి ఇమ్మని అడగడం వినియోగదారుని హక్కు. పైపట్టీ లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు వ్రాసి ఉంటాయి. ఎ అంటే జనవరి–మార్చి, బి అంటే ఏప్రిల్–జూన్, సి అంటే జూలై–సెప్టెంబరు, డి అంటే అక్టోబరు–డిసెంబరు. అంకెలు సంవత్సరాన్ని సూచిస్తాయి. ఆ గడువు దాటిన సిలిండరును తీసుకోవద్దు. సీలు తీసి, వాల్వు లోపల రబ్బరు వాషరు ఉన్నదో లేదో చూడాలి. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకొకసారి మార్చాలి. సిలిండరును ఎన్నడూ పడుకోబెట్టరాదు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే బయటికి వస్తుంది. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టివేయడం పళ్లెం కడిగి పెట్టినంత మామూలు అలవాటు కావాలి.

చివరగా, బాట్లింగ్ విభాగంలో పనిచేసే మా యువ సహోద్యోగులకు ఒక మనవి. రెండవ తూకం మీద ఎక్కువ బరువు చూపిన సిలిండరును వరుస నుండి తప్పించేటప్పుడు, అది కొద్ది గ్రాముల లెక్కగా మాత్రమే కనిపిస్తుంది. వేగంగా సాగే పనికి అది అడ్డుగా కూడా తోస్తుంది. ఆ సిలిండరు చేరబోయే వంటింటిని మనం చూడలేము. ఆ వంటింటివారు మనను చూడలేరు. వారు పొయ్యి వెలిగించేటప్పుడు మన తూకాన్ని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఉండగలగడమే మన పని సక్రమంగా జరిగిందనడానికి నిదర్శనం. ఆ నిశ్చింతను మన దేశంలోని ప్రతి ఇంటికీ అందించే అవకాశం మన చేతులలో ఉన్నది. సహోద్యోగులకు, వారి కుటుంబాలకు సురక్షితమైన వంటిళ్లు, సుఖమైన ప్రయాణాలు కలగాలని ఆకాంక్షిస్తున్నాము.